నేను విధించిన ప్రాయశ్చిత్తం

నవంబరు 13, గురువారం

రేపటి నుంచి మూడు రోజులు యువజన సమ్మేళనం. మా బిషప్ గారి మేత్రాసనంలోని అన్ని విచారణల నుంచీ, అంటే ఒక్కో ఫాదర్ చూసుకునే గుళ్ల నుంచీ, ఆరేడు వందల మంది కుర్రకారు దిగుతున్నారు. పొద్దున పూజ కాగానే మా విచారణ ఫాదర్ నన్నూ పరమేశ్‌నూ నిలబెట్టి పనులు పంచారు. పరమేశ్‌కు వంటశాల. నాకు లైన్లు, మైకు, నిశ్శబ్దం. నిశ్శబ్దం కూడా ఒక పనేనని తెలిస్తే రేగోడ్‌లో మా నాన్న పొట్ట పట్టుకుని నవ్వుతాడు.

తెల్ల అంగీని రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాను. పరమేశ్ చూసి, "పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్ కదరా" అన్నాడు. వాడి అంగీ మీద పోయిన ఆదివారం నాటి పప్పు మరక ఇంకా అలాగే ఉంది. వాడికి సిగ్గు లేదు, నాకు కొంచెం ఎక్కువ, అంతే తేడా.

సెమినరీ చదువు మధ్యలో బ్రదర్లుగా మా ఇద్దరికీ వచ్చే వేసవి దాకా ఈ మెదక్‌లో పని. ఆ తర్వాత నాలుగేళ్ల వేదాంతం. అప్పుడు గానీ గురువును, అంటే ఫాదర్‌ను, కాను. పరమేశ్‌కు ఏ తొందరా లేదు. నాకెందుకో ఉంది.

నవంబరు 14, శుక్రవారం

అనుకున్నదే అయింది. బస్సు దిగి మెదక్ చర్చి ఎక్కడ అని అడిగితే ఎవరైనా ఆ పెద్ద రాతి చర్చికే తోలుతారు. వాళ్ల సంఘం వేరు, మన క్యాథలిక్ సంఘం వేరు అని బస్టాండులో ఎవరికి పడుతుంది. నాలుగు విచారణల పిల్లలు బ్యాగులతో సహా అక్కడ దిగి, ఫోటోలు దిగుతూ కూర్చున్నారు. ఇక్కడ ఫాదర్ గారేమో గేటు దగ్గర పూలదండలు పట్టుకుని నిలబడ్డారు.

వాళ్లందరినీ మోసుకొచ్చింది రత్నాకర్ అనే అతను. పాపన్నపేట పక్క పల్లె. మెదక్‌కూ ఊరికీ మధ్య షేర్ ఆటో తోలుతాడట. సమ్మేళనానికి వచ్చినవాడే, ఎవరూ అడగకుండానే తన ఆటో తీసి తిరిగాడు. నా వయసే ఉంటుంది. ఎండకు మాడిన మొహం, మాట మెత్తన. పని అయ్యాక నా దగ్గరికి వచ్చి, "అందర్ని దించిన ఫాదర్. ఇంకేమన్న పని ఉంటే చెప్పుండ్రి" అన్నాడు.

"ఏం లేదు, పోయి అన్నం తిను" అన్నాను.

ఫాదర్ కాదు, బ్రదర్ అని చెప్పి ఉండాల్సింది. వాళ్ల ఊరికి ఆదివారాలు వెళ్లేది పరమేశ్, నేను కాదు. నన్ను అతను ఎప్పుడూ చూడలేదు. కానీ పొద్దుటి నుంచి తెల్ల అంగీ చూసి ఫాదర్ అన్నవాళ్లు ఎంతమందో. మొదట ఇద్దరు ముగ్గురికి చెప్పాను, తర్వాత వదిలేశాను. వదిలేస్తే వినడానికి బాగానే ఉంటుంది. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కనుక రాస్తున్నాను.

నవంబరు 15, శనివారం

ఆరాధన చాలా బాగా జరిగింది. నా గొంతు కూడా సహకరించింది. మధ్యాహ్నం పాపసంకీర్తనాల వేళ, పిల్లలు ఫాదర్ల దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు, చిన్న పొరపాటు జరిగింది. పెద్దదేం కాదు. అలసిపోయాను.

నవంబరు 16, ఆదివారం

సమ్మేళనం ముగిసింది. పిల్లలంతా బస్సుల్లో పాటలు పాడుతూ వెళ్లిపోయారు. మైదానం నిండా పేపర్ ప్లేట్లు. పరమేశ్ మిగిలిన బగారా అన్నాన్ని హాస్టల్ పిల్లలకు పంచుతున్నాడు. నాకు ఆకలి లేదు.

నిన్నటి సంగతి రాసేస్తే మనసు కుదుటపడుతుంది. స్కూలు వరండా పొడుగునా దూరం దూరంగా కుర్చీలు వేశాం, ఒక్కో కుర్చీలో ఒక్కో ఫాదర్. చివరి కుర్చీలో ఉన్న పెద్దాయన కడుపు బాగోలేక గదికి వెళ్లిపోయారు. వెళ్తూ, పాపసంకీర్తనం వినేటప్పుడు ఫాదర్లు మెడలో వేసుకునే ఊదా రంగు స్టోలు తీసి కుర్చీ వీపుకు వేసి వెళ్లారు. నేను పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను. కాళ్లు లాగుతుంటే ఆ కుర్చీలో కూర్చున్నాను. అంతలో ఎవరో వచ్చి పక్కన మోకరించి, తల వంచుకుని, "నన్ను దీవించుండ్రి ఫాదర్" అని మొదలుపెట్టేశాడు. చూస్తే రత్నాకర్.

ఆపేలోపే సగం చెప్పేశాడు. ఏడుస్తున్నాడు. ఏడుస్తున్న మనిషిని మధ్యలో ఆపి, నేను ఫాదర్‌ను కాదు, లేచి అవతలి లైన్లో నిలబడు అనడం ఎంత అవమానం. అందుకే విన్నాను. విని, దేవుడు మేలు చేస్తాడు వెళ్లు అన్నాను. అంతే.

అతను చెప్పింది ఇక్కడ రాయను. ఎక్కడా రాయను.

చేయి ఎత్తలేదు.

నవంబరు 18, మంగళవారం

సెమినరీలో శాస్త్రం చెప్పిన ఫాదర్ ఒకసారి ఈ సంగతి మాట్లాడారు. గురువు కానివాడు గురువులా కూర్చుని పాపసంకీర్తనం విన్నా, చేయి ఎత్తి పాపాలు మన్నించినా అది చిన్న విషయం కాదని, పెద్దలు మన్నించేదాకా గురువయ్యే అభిషేకం కూడా ఆగిపోతుందని. అప్పుడు క్లాసులో అందరం నవ్వాం. అంత తెలివితక్కువవాడు ఎవడుంటాడని నేనే అన్నాను.

ఆ ఫాదర్ చెప్పింది కావాలని చేసినవాళ్ల గురించి. నాది అలా కాదు. నేను కాళ్లు నొచ్చి కూర్చున్నవాడిని.

ఒక మాట మాత్రం నిన్నటి నుంచి తొలుస్తోంది. ఊరికే విని పంపలేదు, ఒక మంచి మాట కూడా చెప్పాను. "ఇంటికి పోయి మీ అమ్మ ముందర కూసోని ఉన్నది ఉన్నట్టు చెప్పు. అప్పుడే నీ మనసు తేలికైతది" అన్నాను. ఏ పెద్దమనిషైనా అదే చెబుతాడు. పోయిన ఏడాది ధ్యానకూటంలో ఒక ప్రసంగీకుడు దాదాపు ఇదే చెప్పాడు, హాలంతా కన్నీళ్లు పెట్టుకుంది. రత్నాకర్ లేచినప్పుడు అతని మొహం చూశాను. పదేళ్లు తగ్గినట్టు ఉంది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. పిలుపు అంటే ఇదే కదా అనుకున్నాను.

నవంబరు 19, బుధవారం

చేయి ఎత్తలేదు.

నవంబరు 23, ఆదివారం

క్రీస్తురాజు పండుగ. పొద్దున పూజలో కీబోర్డు నేనే వాయించాను. బాగానే వాయించాను.

పరమేశ్ పాపన్నపేట వైపు పల్లెల్లో ప్రార్థనలు ముగించుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. చేతులు కడుక్కుంటూ, "సువార్తమ్మ ఇయ్యాల గుడికి రాలేదురా" అన్నాడు. ఎవరు అన్నాను. "గదే, రత్నాకర్ వాళ్ళ అమ్మ. సమ్మేళనంల ఆటో తోలిండు చూడు. వానాకాలంల పెనిమిటి ఎల్లం సచ్చిపోతే, బొందల మట్టి ఆరకముందే ప్రార్థనకు వచ్చి కూసున్న మనిషి ఆమె. గిప్పుడు రానంటున్నది."

ఎందుకని అడిగాను.

పరమేశ్ చెప్పాడు. ఇప్పుడు ఊరందరికీ తెలిసిపోయింది కనుక ఇక రాయొచ్చు. వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున ఎల్లంకు ఛాతీలో నొప్పి వచ్చింది. దవాఖానకు తీసుకుపోరా అని కొడుకును అడిగాడు. ఆ రోజు మెదక్‌లో క్రికెట్ మ్యాచ్ ఉంది. అజీర్తి నొప్పే అయి ఉంటుందని రత్నాకర్ అనుకున్నాడు. ఆటో స్టార్టు కావడం లేదు, బ్యాటరీ దిగింది, మెకానిక్‌ను తోలుకొస్తానని చెప్పి స్నేహితుడి బండెక్కి మ్యాచ్‌కు పోయాడు. నొప్పి ఎక్కువైతే పక్కింటివాళ్లు ఎల్లంను ట్రాక్టర్ ట్రాలీలో వేసుకుని బయలుదేరారు. దారిలోనే పోయాడు.

ఆటోకు ఏమీ కాలేదని మొన్నటిదాకా రత్నాకర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. సువార్తమ్మ అప్పటి నుంచి ఆ ఆటోను తిడుతూ ఉంది. నా పెనిమిటిని ఈ బండే తిన్నదని దాన్ని చూసినప్పుడల్లా ఉమ్మేది, ఎంత దూరమైనా నడిచిపోయేది గానీ దాంట్లో ఎక్కేది కాదు. ఊళ్లో జనం నవ్వుకునేవారట. కొడుకును మాత్రం కళ్లలో పెట్టుకుని చూసుకునేది.

"మన సమ్మేళనం నుంచి పోయినంక వాడు అమ్మ ముందర కూసోని అంత చెప్పిండట" అన్నాడు పరమేశ్. "గిన్ని దినాలు కడుపుల పెట్టుకున్నోడు గిప్పుడెందుకు చెప్పిండో. సువార్తమ్మ వానితోని మాట్లాడుడు బంద్ చేసింది. వాడు తెచ్చిన కూరగాయ ముట్టుకుంటలేదు. వేరే పొయ్యి పెట్టుకున్నది, ఒక్కటే ఇంట్ల."

అన్నం పెట్టుకుందామా అని అడిగాడు. తలనొప్పి అన్నాను.

నవంబరు 24, సోమవారం

నేను చెప్పకపోయినా రత్నాకర్ ఏదో ఒక రోజు చెప్పేవాడే. అంత పెద్ద విషయం ఎవరూ దాచుకోలేరు.

నవంబరు 26, బుధవారం

ఈ రోజు రత్నాకర్ వచ్చాడు.

నేను గుడిలో కొవ్వొత్తుల స్టాండు తుడుస్తున్నాను. గేటు బయట ఆటో ఆగిన చప్పుడు, ఆ వెంటనే అతని గొంతు. పూజ సామాను ఉంచే సాక్రిస్టీ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాను. చేతిలో గుడ్డ అలాగే ఉంది. అంగీల బీరువాకూ గోడకూ మధ్య నిలబడ్డాను. చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా నేను ఇంత బాగా దాక్కోలేదు.

పరమేశ్, అతనూ గుడి మెట్ల మీద మాట్లాడుకున్నారు. అంతా వినిపించింది.

"కండ్లద్దాలు పెట్టుకున్న ఫాదర్ ఏడున్నడు బ్రదర్? సన్నగ, పొడుగ్గ ఉంటడు. నేను ఆయన దగ్గర్నే ఒప్పుకున్న. ఒక్కసారి మాట్లాడాలె."

"గట్లాంటి ఫాదర్ మా దగ్గర లేడే. ఏం పని?"

"ఆయన చెప్పినట్టె చేసిన. అమ్మ గిట్లైంది. ఇప్పుడేం చేయాల్నో గది గుడ ఆయన్నే అడుగుదామని."

పరమేశ్ అతనికి మంచినీళ్లిచ్చి పంపాడు. ఆటో వెళ్లిపోయాక నేను బయటికి వచ్చాను. పరమేశ్ నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "కండ్లద్దాలు, సన్నగ, పొడుగ్గ. అచ్చం నీలెక్క ఉంటడంట ఆ ఫాదర్."

"వేరే విచారణ నుంచి వచ్చినాయనై ఉంటడు" అన్నాను.

అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో. పరమేశ్ నవ్వు ఆపి, మళ్లీ వంటింటి వైపు వెళ్లిపోయాడు. వాడికి అనుమానం వచ్చిందా లేదా తెలియదు.

నవంబరు 28, శుక్రవారం

ఈ రోజు ఏమీ జరగలేదు.

నవంబరు 30, ఆదివారం

క్రిస్మస్‌కు ముందరి ఆగమన కాలం మొదలైంది. పీఠం మీది గుడ్డలు, ఫాదర్ వేసుకునే పూజవస్త్రాలు, అన్నీ ఊదా రంగువే తీసి పెట్టాలి. నిన్న సాయంత్రం బీరువా తెరిచి స్టోలు చేతిలోకి తీసుకున్నాను. ఇక నాకు నేనే అబద్ధాలు రాసుకోలేను.

చేయి ఎత్తాను. ఎత్తి, మాటలన్నీ చెప్పాను. తండ్రి, పుత్ర, పవిత్రాత్మ నామమున నీ పాపములను మన్నించుచున్నాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ఎప్పటి నుంచో నోటికి వచ్చినవే.

ఇంటికి పోయి చెప్పు అన్నది మంచి మాటగా చెప్పలేదు. "ఇది నీకు ప్రాయశ్చిత్తం" అని చెప్పాను. చేయకపోతే క్షమాపణ లేనట్టే అన్నాను. అతను ఒకసారి తలెత్తి, "అమ్మకేనా ఫాదర్? వేరేదేమన్న ఇయ్యుండ్రి. ఉపవాసం ఉంటా, ఎన్ని దినాలైనా ఉంటా" అన్నాడు. బతిమాలాడు. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడంలో నాకు గొప్పగా అనిపించింది.

ఇంకొకటి. కాళ్లు నొచ్చిన మాట నిజమే. కానీ రత్నాకర్ వచ్చేసరికి స్టోలు కుర్చీ వీపున లేదు. నా మెడలో ఉంది. కూర్చోగానే తీసి వేసుకున్నాను. ఎలా ఉంటుందో చూద్దామని. చిన్నప్పుడు అమ్మ చున్నీ మెడలో వేసుకుని, పూజలో ఫాదర్‌లా బిస్కెట్లు ముక్కలు చేసి చెల్లెళ్లకు పంచేవాణ్ని. పెద్దయ్యాక అదే ఆట ఆడాను. ఎవరో వచ్చి మోకరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ కోరిక వల్లే ఒక ఇంట్లో ఇప్పుడు రెండు పొయ్యిలు వెలుగుతున్నాయి.

డిసెంబరు 1, సోమవారం

ఫాదర్‌కు చెప్పాలి. క్రిస్మస్ అయ్యాక చెబుతాను.

డిసెంబరు 4, గురువారం

చెప్పాను. క్రిస్మస్ దాకా ఆగలేకపోయాను. నిన్న పరమేశ్ పొద్దున్నే, "ఏదన్న ఉంటే ఫాదర్‌కు చెప్పరా. నాకొద్దు" అని మాత్రం అని వెళ్లిపోయాడు. వాడికి ఎప్పుడో తెలిసిపోయింది.

ఫాదర్ వరండాలో క్రిస్మస్ నక్షత్రానికి వైరు చుడుతున్నారు. చుడుతూనే విన్నారు. స్టోలు దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆగాయి.

"చేయి ఎత్తినవా?"

"ఎత్తిన ఫాదర్."

"మాటలు?"

"అన్నీ చెప్పిన."

"ఏం ప్రాయశ్చిత్తం ఇచ్చినవ్?"

చెప్పాను. ఆయన వైరు కింద పెట్టారు. కోప్పడతారని సిద్ధపడ్డాను. ఆయన కోప్పడలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది.

"మా దగ్గర చెప్పింది మా పానం పోయినా బయటికి రావొద్దు. గది మా బతుకు. గసుంటిది, పోయి ఇంట్ల చెప్పుమంటమా? ఏ ఫాదర్ అన్న చెప్తడా? నీకు ఎవరు నేర్పిండ్రు?"

ఎవరూ నేర్పలేదని చెప్పాను.

"నీ సంగతి బిషప్ గారు చూస్తరు. ఏమైతదో నాకు తెల్వదు. అంగీ విప్పి లోపల పెట్టు. ముందుగాల ఆ పిలగాని సంగతి. వానికి క్షమాపణ అందలే. అందిందనుకుంటున్నడు. నువ్వే పోయి చెప్పు, నా దగ్గరికి తోలుకరా. వాని వరకే చెప్పు. అర్థమైందా?"

అర్థమైంది అన్నాను. నిజంగా అర్థమైందనే అనుకున్నాను.

డిసెంబరు 6, శనివారం

పొద్దున బస్టాండు దగ్గర నిలబడ్డాను. మామూలు చొక్కా, ప్యాంటు. ఆటోల వరుసలో రత్నాకర్ ఆటో కనిపించింది. నన్ను చూడగానే దిగి ఎదురొచ్చాడు. "ఫాదర్, మీకోసం ఎంత తిరిగిన" అన్నాడు. ఆ మొహం నిండా సంతోషం.

ఆటోలో ఎవరూ ఎక్కకముందే వెనక సీట్లో కూర్చుని చెప్పాను. నేను ఫాదర్‌ను కాదు, చదువుకునే బ్రదర్‌ను. నువ్వు చెప్పింది వినే అధికారం నాకు లేదు. నేను ఇచ్చిన క్షమాపణ చెల్లదు. తప్పు నీది కాదు, నాదే.

అతను ముందు సీట్లో నుంచి వెనక్కి తిరిగి విన్నాడు.

"అంటే నాది కాలేదా?"

"కాలేదు. ఫాదర్ దగ్గరికి పోదాం. ఆయన నీకోసమే ఉన్నడు."

"మరి అమ్మకు చెప్పుమన్నది?"

"నేనే చెప్పుమన్న."

"దేవుడు కాదు?"

"కాదు."

హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక ఆటోవాళ్లు హారన్ కొడుతున్నారు. తిడతాడని, కొడతాడని అనుకున్నాను. కొడితే బాగుండేది. ఆటో స్టార్టు చేసి, "ఇంటికి పోదాం. గీ మాట మా అమ్మకు మీరే చెప్పుండ్రి. నేను చెప్తే నమ్మది" అన్నాడు.

వాని వరకే చెప్పు అన్న ఫాదర్ మాట గుర్తుంది. కానీ రత్నాకర్ అడుగుతుంటే కాదనే మొహం నాకు లేదు. అంతకంటే నిజం ఇంకొకటి ఉంది. నేనే పోయి చెబితే ఆమె కోపం నా మీదికి మళ్లుతుంది, కొడుకును క్షమిస్తుంది అనుకున్నాను. ఆ పని చేసి రావాలని నాకే ఆశగా ఉంది. మళ్లీ మంచి చేయబోయాను.

ఊరి దారిలో రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి.

సువార్తమ్మ ఇంటి ముందు వడ్లను కాలితో తిరగేస్తోంది. ఆటో చప్పుడుకు తల తిప్పుకుంది. రత్నాకర్ దూరంగానే నిలబడి, "అమ్మా, గాయనకు నీతోని మాట్లాడేది ఉన్నదట. సమ్మేళనంల నాకు చెప్పింది ఈయననే" అన్నాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, "రా సామి, కూసో" అని మంచం వాల్చింది. కన్నకొడుకుతో మాట్లాడని మనిషి నాకు మంచం వాల్చింది.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. రత్నాకర్‌కు చెప్పినట్టే మొదటి నుంచి చివరి దాకా. ఆమె మధ్యలో ఏమీ అడగలేదు. అంతా అయ్యాక ఒక్కటే అడిగింది.

"అయితే దేవుడు చెప్పుమనలేదు?"

"లేదమ్మ. నేనే చెప్పుమన్న. నీ కొడుకు తప్పు లేదు. చెప్పనని బతిమాలిండు. నేనే ఇనలే."

ఆమె మంచం పట్టె మీద తనే కూర్చుంది.

"వీడు చెప్పిన కాడికెళ్లి నాకు బువ్వ లోపలికి పోతలేదు. వీని మొఖం చూస్తే గా పొద్దే యాదికొస్తది. గయినా ఇల్లు ఇడిచి పోలేదు ఎందుకు? సామి నోట దేవుడే చెప్పిచ్చిండు, దేవుడు ఊకె చెప్పియ్యడు, ఏదో ఒక దినం నా మనసు గుడ ఆయననే మలుపుతడు అనుకున్న. గా ఒక్క మాట పట్టుకోని ఉన్న. గిప్పుడు నువ్వొచ్చి గది గుడ కాదంటున్నవ్."

ఆమె తల ఎత్తి నన్నే చూసింది.

"వాని బరువు దించుకొమ్మని నా నెత్తిమీద పెట్టిచ్చినవ్. గిప్పుడు నీ బరువు దించుకుందామని వచ్చినవ్. నేనేడ దించుకోవాలె?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది. క్షమించు అన్న మాట నోటి దాకా వచ్చింది. దాన్ని కూడా ఆమె నెత్తిన పెట్టడమే అవుతుందని ఆగాను.

కాసేపయ్యాక, "ఏ ఊరు బిడ్డా నీది?" అంది. సామి అనలేదు.

"రేగోడ్."

"అమ్మ ఉన్నదా?"

"ఉన్నదమ్మ."

"ఆమెకు తెలుసా గిది?"

"తెల్వదు."

"చెప్పకు" అంది. "సల్లగ ఉండనియ్యి."

రత్నాకర్ ఆటో పక్కనే నిలబడి అంతా విన్నాడు. నేను వెళ్తుంటే తల ఎత్తలేదు. రోడ్డు దాకా నడిచి, వేరే ఆటో పట్టుకుని మెదక్ వచ్చాను.

డిసెంబరు 9, మంగళవారం

సువార్తమ్మ నిన్న పొద్దున బట్టల మూట కట్టుకుని కౌడిపల్లిలో కూతురింటికి వెళ్లిపోయింది. పరమేశ్ చెప్పాడు. చెప్పి, నా భుజం మీద చేయి వేశాడు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనకపోవడం భరించలేకపోతున్నాను.

ఫాదర్‌తో జరిగిందంతా చెప్పాను. "వాని వరకే అన్న కదా" అన్నారు.

డిసెంబరు 12, శుక్రవారం

బిషప్ గారి నుంచి కబురు వచ్చింది. క్రిస్మస్ కాగానే ఇంటికి వెళ్లాలి. మళ్లీ పిలిచేదీ లేనిదీ తర్వాత చెబుతారు. నెల రోజుల క్రితం ఈ మాట వింటే నా ప్రపంచం కూలిపోయేది. ఇప్పుడు చదివి మడిచి పెట్టాను. ఆకలి కూడా వేసింది. కౌడిపల్లిలో ఆమె ఏం తిన్నదో.

డిసెంబరు 14, ఆదివారం

రత్నాకర్ రాలేదు. ఫాదర్ రెండుసార్లు అడిగారు. వస్తాడని చెప్పాను. ఎందుకు రావాలి.

డిసెంబరు 20, శనివారం

క్రిస్మస్ పాపసంకీర్తనాలు. మధ్యాహ్నం నుంచి జనం. లైన్లు పరమేశ్ చూశాడు. నేను చివరి బెంచీలో కూర్చున్నాను, ఏ పనీ లేకుండా.

జనం పలచబడ్డాక రత్నాకర్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూశాడు, నా దగ్గరికి రాలేదు. చెప్పులు బయట విడిచి లైన్లో నిలబడ్డాడు. అతని ముందు ఇద్దరు ముసలమ్మలు. వాళ్లు అయ్యేదాకా నేను నేల చూస్తూ కూర్చున్నాను. అతను లోపలికి వెళ్లాక కూడా తల ఎత్తలేదు.

ఎక్కువసేపు పట్టలేదు. అతను బయటికి వచ్చి పీఠం ముందు మోకరించాడు. కొంచెంసేపు పెదవులు కదిలాయి. తర్వాత లేచి, నేరుగా వచ్చి నా బెంచీలోనే ఒక చివర కూర్చున్నాడు. ఏం జరిగిందని అడిగే హక్కు నాకు లేదు. అడగలేదు. అతనే చెప్పాడు.

"మూడు పరలోక జపాలు చెప్పుకొమ్మన్నడు బ్రదర్."

"మంచిది."

"గంతేనా?"

"అంతే."

"నేను మళ్ల అడిగిన. ఇంట్ల ఎవలకన్న చెప్పాల్నా ఫాదర్ అని. ఒద్దు బిడ్డా, గిది నీకు దేవునికి నడుమనే ఉండాలె అన్నడు."

అతని గొంతులో కోపం లేదు. నా వైపు తిరిగి కూర్చుని, తెలియనిది తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు.

"మూడు జపాలకు అయిపోయేదానికి, మా అమ్మను ఎందుకు పోగొట్టినవ్ బ్రదర్?"